శంఖమందిరంలో కూడితలపు

“దొంగ సచ్చినోళ్లారా! మా చచ్చినోళ్లను మా నోట్లోంచి దోచుకుపోయారు మీరు!”

కరకట్ట అడుగున, నల్లరాతికి గొలుసులతో బిగించిన నూకాలవ్వ వేసిన కేక అది. ఎదురుగా పట్టుపందిరి కింద పగడాల గద్దె మీద కూర్చున్న పల్లపునాటి మహారాజు హేమధ్వజుడు, విననట్టే తాంబూలం నములుతున్నాడు.

“నిన్నే హేమధ్వజా! తల తిప్పుకుంటే తప్పిపోద్దా? నీ తాత దొంగ, నువ్వు దొంగ, నీ పక్కన గడ్డం నిమురుకుంటున్న ఆ మాంత్రికుడు గజదొంగ! ఇంకా...” అవ్వ మెడ తిప్పి, పండగ బట్టల్లో కిక్కిరిసి నిలబడ్డ జనాన్ని చూసింది. “దొంగలొచ్చి అడిగితే తలుపు తీసి దీపం పట్టుకున్నారు చూడండి, మీరు! మీరు అసలు మనుషులేనా?”

జనం నేల చూపులు చూశారు. అవ్వ అన్నదాంట్లో అబద్ధం లేదు.

పల్లపునాడు సముద్రం కంటే పల్లంలో ఉన్న దేశం. అక్కడి మనిషి తలెత్తి చూస్తే ఓడలు ఆకాశంలో పోతున్నట్టుంటాయి. ఆ సముద్రానికీ ఈ నేలకీ నడుమ అడ్డంగా పడుకున్న కాలసర్పంలా నల్లరాళ్ల కరకట్ట. దాని వెన్ను మీద ఏనుగులు బారులు తీరి నడవచ్చు. పొద్దు పొడిచినప్పుడు దాని అంచున కెరటాల తుంపర ఇంద్రధనుస్సులు కడుతుంది. కింద ఉప్పుమడులు వెండి పళ్లేలు పరిచినట్టు మెరుస్తాయి. చూడ్డానికి రెండు కళ్లు చాలవు.

తాతల నాడు ఈ కట్టకు గండి పడింది. పూడ్చింది ఎవరు? హేమధ్వజుడి తాత రత్నధ్వజుడట! ఒంటి చేత్తో సముద్రాన్ని నెట్టాడట! అదిగో, కట్ట మీద ఆయన బంగారు విగ్రహం. చెయ్యి చాచి కెరటాన్ని ఆపుతున్నట్టు పోతపోశారు. ఆ చేతి వేళ్లకు ఉంగరాలు కూడా ఉన్నాయి. మట్టి తట్ట మోసిన చేతికి ఉంగరాలు నిలుస్తాయా అని అడిగినవాడు లేడు.

ఒకప్పుడు ఏటా ఈ రోజున పల్లపునాటి జనమంతా కట్ట కింద చేరి ‘కూడితలపు’ జరుపుకునేవారు. ఆనాటి కథలో ఒక్కో ముక్క ఒక్కో ఇంటి సొత్తు. అత్త కోడలికి చెవిలో చెప్పాలి, తండ్రి కొడుక్కి చెప్పాలి. అన్ని ఇళ్లవాళ్లూ వచ్చి, వరసగా ఎవరి ముక్క వాళ్లు పలికితేనే కథ పూర్తి. ఒక్క ఇల్లు రాకపోయినా ఆ ఇంటికి కబురు పంపి, వచ్చేదాకా ఆగేవారు.

అప్పుడొచ్చాడు ఈ మాంత్రికుడు మౌనభైరవుడు. పులితోలు కట్టి, కాళ్లకు చప్పుడు చెయ్యని గజ్జెలు కట్టి వచ్చాడు. “నోట్లో ఉన్న మాట చెడిపోతుంది నాయనలారా! ముసలివాళ్లు పోతారు, పిల్లలు మరిచిపోతారు. నా శంఖాల్లో పలికి వెళ్లండి. శాశ్వతంగా భద్రపరుస్తాను” అన్నాడు. తేనె పూసిన మాట! జనం మడతపెట్టిన బట్టలు కట్టుకుని, బారులు తీరి మరీ వెళ్లారు. ఒక్కో శంఖంలో ఒక్కో ఇంటి ముక్క పలికారు. చేతిలో లడ్డు పెట్టించుకుని ఇంటికొచ్చారు. వచ్చాక చూసుకుంటే ముక్క గుర్తు లేదు. ఎవరి కోసం గుర్తు పెట్టుకున్నారో అదీ గుర్తు లేదు. లడ్డు మాత్రం బాగుందని చెప్పుకున్నారు.

ఇవ్వనిది నూకాలవ్వ ఒక్కతే. అందుకే ఆమెకు ఈ గొలుసులు.

శంఖాలు తీసుకున్న ఏడు నుంచీ కట్ట రాళ్లు కదులుతున్నాయి. ఈ రోజు మధ్యాహ్నం సముద్రం పోటెక్కేవేళకు అవ్వను సముద్రుడికి బలి ఇస్తే కట్ట నిలుస్తుందని మౌనభైరవుడు చెప్పాడు. రాజు సరే అన్నాడు. రాజులకు పరుల ప్రాణం ఇవ్వడం ఎప్పుడూ తేలికే.

జనంలోంచి ఒక నీళ్ల కావడివాడు గొలుసుల దగ్గరికి వచ్చి ముంత అందించాడు.

“తాగవే అవ్వా.”

అవ్వ కళ్లు చికిలించింది. “ఒరే రేవన్నా! ఆ మీసమేంట్రా, పిల్లి తోక అతికించుకున్నట్టుంది?”

“మెల్లగా! భటులు వింటారు.” పడవలు నడిపే రేవన్న ఆమె మనవడు. పోటెక్కే లోపు ఆమెను విడిపించకపోతే అతనికి అవ్వ లేదు, ఇల్లు లేదు, ఊరు లేదు. “అవ్వా, కూడితలపులో ఏదో మహామంత్రం ఉందంటగా. అదేంటో చెప్పు. కట్టెక్కి నేనే అరుస్తా. కట్ట నిలబడుద్ది, నిన్ను వదిలేస్తారు.”

అవ్వ నవ్వింది. పళ్లు లేని నవ్వు. “నాకు నా ముక్కే తెలుసురా అయ్యా. మా అత్త గౌరు. ఇదిగో, నా వీపుకు ఆనుకున్న ఈ రాయి ఆవిడే. మిగతాది మిగతావాళ్ల దగ్గరుండేది. కూడితే తలపు. కూడకపోతే ఒట్టి తలనొప్పి.”

ఆ క్షణాన పందిరిలో మౌనభైరవుడు లేచి పారాయణం మొదలెట్టాడు. “వినండి! కూడితలపు అనగా, కూడిన జనం తల వంచి రాజును తలచుట!”

“తలవంచుటంట!” అవ్వ కాండ్రించి ఉమ్మింది. “ఒరే, ఆడి శంఖాలు మూగదిబ్బ మీదున్నాయి. పో. ఆడు ఇక్కడ వాగుతున్నంతసేపూ అక్కడ ఉండడు.”

రేవన్న కావడి పడేసి పరుగెత్తాడు. ఉప్పుగంప నెత్తిన పెట్టుకున్న ఒక పిల్ల అతని వెంట పరుగెత్తింది. ఆమె ఉప్పు మోసే పిల్ల కాదు. హేమధ్వజుడి కూతురు ఇంద్రనీల. ఒకనాడు కోట గజశాలలో ముత్తాత రత్నధ్వజుడి అంబారీ చూసింది. దాని మీద ఇప్పటికీ కొండమట్టి ఉంది. గండి పడ్డ నాడు ముత్తాత ఎటు పోయాడో ఆ మట్టే చెప్పింది. ఆ రోజే అంతఃపురం వదిలేసి, ఉప్పు పిల్ల వేషంలో రేవన్నతో చేరింది.

“గంప దించు రాకుమారీ, పడవ మునుగుద్ది!”

“ఉప్పు పిల్లని అన్నాక ఉప్పు లేకపోతే ఎలా? తెడ్డు వెయ్యి!”

పడవ బాణంలా దూసుకుపోయింది. నడిసముద్రంలో మూగదిబ్బ. ఏనుగు దంతంలా తెల్లగా, నిటారుగా లేచిన కొండ. దాని మీద గాలి ఊదదు. కెరటం తగిలినా చప్పుడుండదు. కొండ శిఖరాన ముత్యపు చిప్పలతో కప్పిన గోపురం, పగలే వెన్నెల కాస్తున్నట్టు మెరుస్తోంది.

ఒడ్డున కాషాయాలు కట్టిన ఇద్దరు శిష్యులు కాపలా ఉన్నారు. మౌనభైరవుడి శిష్యులు నోటికి రాగి కళ్లేలు బిగించుకుంటారు. అరవలేని కాపలాదారు కంటే సుఖమైన కాపలాదారు ఉంటాడా? రేవన్న తెడ్డు రెండుసార్లు లేచి దిగింది. మరుక్షణం ఆ కాషాయాలూ కళ్లేలూ వీళ్ల ఒంటి మీద ఉన్నాయి. ఉప్పుగంప మీద గుడ్డ కప్పి, పూజాద్రవ్యంలా మోసుకుంటూ మెట్లెక్కారు.

గోపురద్వారం మీద గండభేరుండం కునుకుతోంది. రెండు తలలు, నాలుగు కళ్లు, కొడవళ్లలాంటి గోళ్లు. దాని కింద ఎముకలు కుప్పలుగా ఉన్నాయి. అది మనిషిని చూసి లేవదు. మాట వింటే లేస్తుంది.

మెట్ల మీద పాలనురగలాంటి మంచు. మొదటి మెట్టెక్కగానే రేవన్నకు తన పడవ పేరు మరుపుకొచ్చింది. పోనీలే అనుకున్నాడు. ఇంకో మెట్టెక్కాడు. ఇంటికి దారి పోయింది. ఇంకొకటి. తల్లి ముఖం పోయింది. మెట్టుమెట్టుకూ ఆ మంచు అతని లోపలినుంచి ఒక్కోటి నాకేస్తోంది. చివరికి మెట్ల మధ్యలో నిలబడిపోయాడు. ఎవరు తను? ఈ గంప ఎందుకు? ఆ పక్కన అగాధం చల్లగా, హాయిగా కనిపించింది. కాలు అటు చాచాడు.

కొన్ని మెట్లు వెనకున్న ఇంద్రనీలకు అతని పేరు ఇంకా పోలేదు. ఆమె చూసింది. కళ్లెం తీసి అరిస్తే భేరుండం లేస్తుంది. అరవకపోతే మనిషి పోతాడు. కళ్లెం పీకి విసిరేసింది.

“రేవన్నా! ఉన్నావా?”

ఆ కేక కత్తిలా మంచును చీల్చింది. ఆ పేరు తనదని అతనికి తెలియలేదు. కానీ ఎవరో అడుగుతున్నారు. అడిగినవాళ్లకు జవాబు చెప్పాలి. కళ్లెం లాగేశాడు.

“ఉ... ఉన్నా!”

అన్నాడో లేదో, ఒక్కసారిగా అన్నీ వచ్చి పడ్డాయి. పడవ, ఇల్లు, తల్లి, గొలుసుల్లో అవ్వ! అంతలోనే ఆకాశం నల్లబడింది. గండభేరుండం రెండు నోళ్లూ తెరిచి మీదికి దూకింది. ఒక ముక్కు ఇంద్రనీల జడ పట్టింది. రేవన్న గంప ఎత్తి ఉప్పంతా దాని నాలుగు కళ్లల్లో కొట్టాడు! ఆ పక్షి రెండు గొంతులతో పెట్టిన పెడబొబ్బ కరకట్ట దాకా వినిపించింది. గుడ్డిగా ఎగిరి, గోపురానికి కొట్టుకుని, రెక్కలు విరిగి సముద్రంలో పడింది.

“చూశావా? ఉప్పు ఎందుకన్నావ్?” అంది ఇంద్రనీల రొప్పుతూ.

“తప్పయిపోయింది ఉప్పమ్మా, పద!”

లోపల అడుగు పెట్టి ఇద్దరూ కొయ్యబారిపోయారు.

గోపురం లోపల నేల లేదు. కింద, ఎక్కడో, నీలాల రాశిలా సముద్రం సుళ్లు తిరుగుతోంది. గోడ నుంచి గోడకు బంగారు తీగల వల. ఆ వలకు పండిన మామిడితోట కాయల్లా శంఖాలు. పాలశంఖాలు, గులాబి శంఖాలు, గోరంత శంఖాలు, గుమ్మడికాయంత శంఖాలు. ఒక్కొక్కటీ చీకట్లో బూడిద కింద నిప్పులా వెలుగుతూ ఆరుతూ ఉంది. నడిమధ్యన, వజ్రాలు పొదిగిన పీఠం మీద, మనిషెత్తు స్వర్ణశంఖం.

“అదే! మహామంత్రం అందులోనే!” రేవన్న వల మీద గెంతుకుంటూ వెళ్లి చెవి ఆనించాడు. అందులో ఏముంది? ‘జయహో రత్నధ్వజ! జయహో హేమధ్వజ!’ అంతే. అదే మాట, తిప్పి తిప్పి. కాలితో తన్నాడు. అది లోపల డొల్ల. డబ్బా మోగినట్టు మోగింది.

పక్కన ఉన్న చిన్న బూడిదరంగు శంఖాన్ని తీసి చెవిన పెట్టుకున్నాడు. ఒక ఆడమనిషి గొంతు. చలికి వణుకుతూ, అయినా చెక్కుచెదరని గొంతు. “రాయన్నా, ఉన్నావా?” అంది. ఆగింది. మళ్లీ అడగలేదు. జవాబు కోసం చూస్తోంది.

“ఇంతేనా?” రేవన్నకు ఏడుపొచ్చింది. “దీని కోసమా వచ్చింది? ఇందులో ముక్క కూడా పూర్తిగా లేదు, సగమే ఉంది!”

ఇంద్రనీల ఆ శంఖం పక్కన వేలాడుతున్న ఇంకో శంఖం వైపు చెయ్యి చాచింది. అది తనంతట తనే వెలిగింది. లోపలినుంచి మగగొంతు: “ఉన్నానమ్మా. కోటమ్మత్తా, నువ్వున్నావా?” దాని పక్కది వెలిగింది: “ఉన్నాన్రా. పాపిగా, ఉన్నావంట్రా?” “ఉన్నా, ఉన్నా, సావలేదులే!” ఒకటి నుంచి ఒకటికి, దాన్నించి ఇంకోదానికి, వలంతా దీపావళిలా వెలుగు పాకింది. గోపురమంతా గొంతులతో నిండింది. చాకలి గొంతు, కుమ్మరి గొంతు, ఉప్పుమడుల కూలీల గొంతులు, పడవవాళ్ల మోటు గొంతులు. మధ్యలో ఎవరో బూతులు తిడుతున్నారు. ఎవరో నవ్వుతున్నారు.

ఆ గొంతుల మాటల్లోనే అప్పుడు తెలిసింది ఆ ఇద్దరికీ. ఆ రోజు గండి దానంతట అది పడలేదు. మౌనభైరవుడి గురువు మకరజటుడు కట్టను పగలగొట్టి, పట్టపగలే కాటుక చీకటి కమ్మించాడు. రాజు ఏనుగెక్కి కొండలకు పోయాడు. జనం పోలేదు. మట్టి వచ్చేదాకా మనిషే కట్ట కావాలని గండిలోకి దిగారు. చేతులు చేతులు పెనవేసి, రొమ్ముల్లోతు నీళ్లల్లో నిలబడ్డారు. కంటికి పక్కవాడు కనబడడు. అందుకే ప్రతివాడూ పక్కవాణ్ని పేరు పెట్టి అడిగాడు, ఉన్నావా అని. జవాబు వస్తే నిలబడ్డాడు. రాకపోతే ఒక అడుగు జరిగి ఆ ఖాళీ పూడ్చాడు. చీకటి విడేసరికి సముద్రం ఓడిపోయింది. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే నల్లరాళ్లయిపోయారు.

అదీ కూడితలపు! పుట్టింది పందిట్లో కాదు, పారాయణంలో కాదు, ఆ నీళ్లల్లో. ఏ పండితుడూ పెట్టిన పేరు కాదది. ఏటా ఈ రోజున ఇంటివాళ్లు రాయైన తమ మనిషిని పేరు పెట్టి అడిగితే, అడిగేవాళ్లున్నారన్న ధైర్యంతో ఆ రాయి ఇంకో ఏడు నిలబడేది. గురువు కూల్చలేని కట్టను శిష్యుడు ఆ మాటలు దోచి కూలుస్తున్నాడు. ఏనాడైనా ఏ రాజ్యంలోనైనా ఇంతకంటే గొప్ప కోట ఎవడైనా కట్టాడా? కట్టించినవాళ్లున్నారు. కట్టగా నిలబడ్డవాళ్లు వీళ్లే!

“ఒక్కడు పలికేది కాదిది,” అన్నాడు రేవన్న మెల్లగా. “అవ్వ ముందే చెప్పింది. నాకే బుర్ర లేదు.”

“ఇన్ని శంఖాలు మన పడవలో పట్టవు రేవన్నా.”

రేవన్న వంగి కింద సుడులు తిరుగుతున్న నీటిని చూశాడు. పోటు మొదలైంది. మూగదిబ్బ నుంచి నీళ్లన్నీ ఉరకలేస్తూ కట్టవైపే పోతున్నాయి.

“పడవెందుకు? మనల్ని ముంచడానికి పోయే సముద్రమే మోసుకుపోతుంది!”

మొలలోని కత్తి తీసి వల మూలతాడు మీద వేటు వేశాడు. అదే సమయానికి గోపురం కప్పు పెళ్లున పగిలింది. పొగరెక్కల డేగ రూపంలో మౌనభైరవుడు దిగాడు. భేరుండం పెడబొబ్బ వినగానే పారాయణం మధ్యలో వదిలేసి వచ్చాడు.

“ఒరేయ్ పడవోడా! అవి నావి! జనమే నాకిచ్చారు!”

“లడ్డు పెట్టి లాక్కున్నావ్! తిరిగి లడ్డు ఇచ్చేస్తాంలే, పో!”

డేగ నోట్లోంచి నీలిమంట చిమ్మింది. రేవన్న భుజం కాలింది. రెండో వేటు పడలేదు. కత్తి జారి సముద్రంలో పడింది. ఇంద్రనీల రెండు చేతులతో తాడు పట్టుకుని, కోటలో వెన్నముద్దలు తిన్న పళ్లతో దాన్ని కొరికేసింది! బంగారు వల నడుమకి తెగి వేలాడింది. వేలవేల శంఖాలు వెలుగుతూ, మాట్లాడుతూ, వడగళ్ల వానలా సముద్రంలోకి రాలాయి. వాటి వెంటే వీళ్లిద్దరూ దూకారు.

పడవ దొరికింది. తెడ్డు దొరకలేదు. దాని అవసరమూ రాలేదు. తాటిచెట్టంత కెరటం పడవను వీపున ఎత్తుకుని పరుగెత్తింది. పైన డేగ పిడుగులు రాలుస్తోంది. కింద శంఖాల దండు మిణుగురుల్లా వెంట వస్తోంది. కట్ట దగ్గరయింది. కట్ట మీద బంగారు రత్నధ్వజుడు ఒరిగాడు. చాచిన చేత్తోనే, ఉంగరాలతోనే, ఏ కెరటాన్నీ ఆపకుండా బుడుంగున మునిగాడు. మరుక్షణం పడవ కట్టకు గుద్దుకుని ముక్కలైంది. నీళ్లు కట్టను చీల్చుకుని అవతలికి విరుచుకుపడ్డాయి. రేవన్ననూ ఇంద్రనీలనూ, వెంట వచ్చిన శంఖాలనూ తీసుకెళ్లి గండి అడుగున నూకాలవ్వ ముందు పడేశాయి.

పందిరి ఖాళీ. హేమధ్వజుడు ఏనుగెక్కేశాడు. ఏనుగు మొహం కొండలవైపుంది. తాత దారి మనవడికి ఎవరూ నేర్పనక్కర్లేదు!

అవ్వకు రొమ్ముల్లోతు నీళ్లు. అయినా వీపు రాతికి ఆనించి, పళ్లబిగువున అడుగుతూనే ఉంది. “గౌరత్తా, ఉన్నావా?” రాతిలోంచి, ఎక్కడో లోపల్నించి, జవాబు వస్తూనే ఉంది. “ఉన్నానే.” కట్టంతటిలో కదలకుండా నిలబడ్డ రాయి అదొక్కటే. ఒక ముసలిది, ఒక రాయి, వాళ్లిద్దరి మధ్య ఒక మాట. మొత్తం సముద్రం ఇందాకటి నుంచీ దాన్ని కదపలేకపోతోంది!

రేవన్న అవ్వ గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. ఇంద్రనీల అతని చెయ్యి పట్టుకుంది. కాళ్ల కింద నేల జారుతోంది. వెనక్కి తిరిగి చూస్తే జనం. నీళ్లు ప్రతివాడి కాళ్ల దగ్గరికీ వాళ్ల ఇంటి శంఖాన్ని తెచ్చి వదిలాయి. అందరూ తీశారు. చెవులకు ఆనించుకున్నారు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. కానీ ఒక్కడూ నోరు మెదపడు. ఏళ్ల తరబడి వినడమే అలవాటైన జనం!

కట్ట మీద వాలిన మౌనభైరవుడు మనిషి రూపు దాల్చాడు. అతని వెనక, కనుచూపు మేర, సముద్రం ఒక్క కెరటంగా లేస్తోంది. గొంతులో మళ్లీ తేనె.

“నాయనలారా! ఆ పాత శంఖాలు మీకెందుకు? నాకిచ్చెయ్యండి. మీ తరఫున నేనే పలుకుతాను. మీరు హాయిగా కూర్చుని వినండి.”

ముందు వరసలో ఒక చాకలి ముసలాయన చెయ్యి మెల్లగా పైకి లేచింది. శంఖం ఇచ్చెయ్యడానికి.

రేవన్న గొంతు చించుకుని అరిచాడు.

“తాతా! దించు ఆ చెయ్యి! నీ పేరేంటో నాకు తెలియదు, నీ శంఖంలో ఉన్నోడు నీకు తెలుసు. ఆడు ఈ గండిలో నీ కోసం నిలబడి ఉన్నాడు. నువ్వు అడుగుతావని చూస్తున్నాడు. ఏడవకండ్రా! దండాలు పెట్టకండ్రా! విన్నది చాలు! ఆ శంఖాలు చెవుల మీంచి తియ్యండి. దిగండి నీళ్లల్లోకి. పక్కోడి చెయ్యి పట్టుకోండి. నోళ్లు తెరవండి. మీ వాళ్లను పేరు పెట్టి అడగండి, ఉన్నావా అని. అడగండి! ఆ కెరటం పడకముందే, ఇప్పుడే, అందరూ అడగండి!”